పసిగుడ్డుకు నొప్పి తెలీదా?

మీ చేతిలో ఉన్న ఫోన్ బరువు సుమారు 200 గ్రాములు ఉంటుంది. అలాంటివి నాలుగు ఫోన్లు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. ఆరో నెల నిండీ నిండగానే పుట్టేసిన బిడ్డ బరువు దాదాపు అంతే. 800 గ్రాములు. చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. అమ్మ వేలి ఉంగరం ఆ బిడ్డ చేతికి గాజులా పడుతుంది.

ఇప్పుడు ఆ బిడ్డ పక్కటెముకల మధ్య కోసి, గుండె పక్కనున్న ఒక రక్తనాళాన్ని కట్టేయాలి. ఆపరేషన్ మొదలైంది. బిడ్డ కదల్లేదు. ఏడవలేదు. ఎందుకంటే ఒళ్లు కదలకుండా చేసే మందు ఇచ్చారు. నొప్పి తెలియకుండా చేసే మందు మాత్రం ఇవ్వలేదు.

వింటేనే ఒళ్లు జలదరిస్తోంది కదా! ఇదేదో రెండొందల ఏళ్ల కిందటి ముచ్చట కాదు. 1980ల మధ్య దాకా అమెరికా, ఇంగ్లండ్ లాంటి దేశాల్లో, మంచి పేరున్న ఆస్పత్రుల్లోనే చాలాచోట్ల జరిగిన సంగతి. డాక్టర్లు దయ లేనివాళ్లయి కాదు. ఇంత చిన్న ప్రాణానికి నొప్పి తెలీదని నమ్మారు. మత్తు ఇస్తే తట్టుకోలేక చనిపోతుందేమోనని భయపడ్డారు.

ఆ నమ్మకాన్ని లెక్కలతో సహా పడగొట్టినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు మనవాడిదే. ఇండోర్‌లో ఎంబీబీఎస్ చదివిన డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్. ఆయన కథ తెలిస్తే ఒక విషయం అర్థమవుతుంది. నెలతక్కువ పిల్లల గుండె ఆపరేషన్ ఎలా ముగుస్తుందన్నది సర్జన్ వేసే కుట్టు మీదే ఆధారపడి ఉండదు. ఆ కుట్టుకి ముందూ తర్వాతా బిడ్డను ఎలా చూసుకున్నారన్నది కూడా అంతే ముఖ్యం.

మూసుకోని దారి

ముందు అసలు ఆ ఆపరేషన్ ఎందుకో చూద్దాం.

కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ సొంతంగా ఊపిరి తీసుకోదు. ఆక్సిజన్ అమ్మ దగ్గర్నుంచి మాయ ద్వారా, బొడ్డుతాడు ద్వారా వస్తుంది. ఊపిరితిత్తులకి ఇంకా పని మొదలవలేదు. అందుకే అటు వెళ్లాల్సిన రక్తంలో ఎక్కువ భాగాన్ని పక్కకి మళ్లించే చిన్న గొట్టం ఒకటి గుండె పైన ఉంటుంది. దాని పేరు డక్టస్ ఆర్టీరియోసస్. ఊపిరితిత్తులకి వెళ్లే పెద్ద రక్తనాళాన్నీ, ఒళ్లంతటికీ రక్తం పంచే బృహద్ధమనినీ కలిపే బైపాస్ రోడ్డన్నమాట.

నెలలు నిండి పుట్టిన బిడ్డకి తొలి ఏడుపుతో ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి. రెండు మూడు రోజుల్లో ఈ గొట్టం దానంతట అదే మూసుకుపోతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో మాత్రం చాలామందికి అది తెరిచే ఉండిపోతుంది. డాక్టర్లు పీడీఏ అనేది దీన్నే.

దారి తెరిచి ఉంటే ఒళ్లంతా వెళ్లాల్సిన రక్తం కొంత వెనక్కి మళ్లి ఊపిరితిత్తుల్లోకి పొంగుతుంది. అసలే పచ్చి ఊపిరితిత్తులు, ఆపైన వరద. బిడ్డని వెంటిలేటర్ నుంచి తీయడం కష్టమవుతుంది. మరోపక్క పేగులకి, కిడ్నీలకి చేరాల్సిన రక్తం తగ్గుతుంది.

ఈ గొట్టాన్ని ఆపరేషన్‌తో కట్టేయొచ్చని తొలిసారి చూపించింది బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే 33 ఏళ్ల సర్జన్. 1938 ఆగస్టులో, పెద్ద డాక్టర్ సెలవు మీద ఊళ్లో లేని సమయంలో, ఏడేళ్ల పాపకి చేశాడు. పాప బతికింది. పుట్టుకతో వచ్చే గుండె లోపాలకి సర్జరీ అనే దారి అక్కడ తెరుచుకుంది. 1963 నాటికి నెలతక్కువ పిల్లలకీ ఈ ఆపరేషన్ మొదలైంది. ఆ ఏడాది వైద్య పత్రికకెక్కిన ఒక బిడ్డ బరువు 1,417 గ్రాములు.

గొట్టాన్ని మూయడం వచ్చేసింది. మూసిన తర్వాత బిడ్డ ఏమవుతోందన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

ఆక్స్‌ఫర్డ్‌లో కుర్ర డాక్టర్

1980ల మొదట్లో ఆనంద్ రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. ఎన్‌ఐసీయూలో పని. అక్కడ ఆయన్ని ఒక విషయం పదే పదే తొలిచేది. తన దగ్గర్నుంచి కాస్త కుదురుగా ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లిన బిడ్డలు, తిరిగొచ్చేటప్పటికి పాలిపోయి, నాడి బలహీనపడి, ఊపిరి అందక అల్లాడుతూ వచ్చేవాళ్లు. వాళ్లని మళ్లీ దారిలో పెట్టడానికి గంటలు పట్టేది.

సర్జరీ అన్నాక ఆ మాత్రం ఉంటుందిలే అని సరిపెట్టుకోవచ్చు. ఆయన సరిపెట్టుకోలేదు. లోపల ఏం జరుగుతోందో చూద్దామని బిడ్డతోపాటు థియేటర్‌లోకి వెళ్లారు. అప్పుడు తెలిసింది. బిడ్డకి కండరాలు కదలకుండా చేసే మందు ఇస్తున్నారు. దాంతోపాటు, మహా అయితే నైట్రస్ ఆక్సైడ్ అనే తేలికపాటి గ్యాస్. అంతే.

ఎందుకిలా అంటే అప్పటి పుస్తకాల్లో సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. పసిపిల్లల నరాల మీద ఉండాల్సిన మైలిన్ పొర ఇంకా తయారవ్వదు, కాబట్టి నొప్పి కబురు మెదడుకి చేరదన్నారు. మెదడు ఎదగలేదు, కాబట్టి చేరినా తెలీదన్నారు. తెలిసినా గుర్తుండదు కదా అన్నారు. 1941లో మిర్టిల్ మెక్‌గ్రా అనే శాస్త్రవేత్త పసిపిల్లలకి గుండుసూదితో గుచ్చి, ఎలా స్పందిస్తున్నారో రాసిపెట్టారు. పుట్టిన కొద్ది రోజుల్లో పెద్దగా స్పందన లేదన్న ఆమె మాట దశాబ్దాల పాటు నిలిచిపోయింది.

ఇందులో మెలిక ఎక్కడుందో చూడండి. మైలిన్ పొర లేకపోతే నరంలో కబురు నెమ్మదిగా వెళ్తుంది. ఆగిపోదు. పైగా పసిబిడ్డలో పాదం నుంచి మెదడుకి దూరం ఎంత? జానెడు, మూరెడు. నెమ్మదిగా నడిచినా పక్కింటికి చేరడం ఎంతసేపు! పెద్దవాళ్లలో కూడా నొప్పి కబురు చాలావరకు మైలిన్ లేని నరాల మీదుగానే వెళ్తుంది.

పదహారు మంది పిల్లలు

నమ్మకాన్ని వాదనతో ఓడించలేం, కొలిచి చూపించాలి. బిడ్డ నోరు విప్పి చెప్పలేదు. కానీ రక్తం చెబుతుంది. ఒంటికి దెబ్బ తగిలితే అడ్రినలిన్ లాంటి స్ట్రెస్ హార్మోన్లు ఎగుస్తాయి, షుగర్ పెరుగుతుంది. ఆనంద్, ఆయన గురువు ఆల్బర్ట్ ఐన్‌స్లీ-గ్రీన్, మరో సహచరుడు కలిసి చుక్కల కొద్దీ రక్తంలోనే వీటిని కొలిచారు.

పీడీఏ ఆపరేషన్‌కి వచ్చిన 16 మంది నెలతక్కువ పిల్లలు. ఎనిమిది మందికి అప్పట్లో అందరికీ ఇస్తున్న మందులే ఇచ్చారు. మిగతా ఎనిమిది మందికి వాటితోపాటు ఫెంటానిల్ అనే గట్టి నొప్పి మందు కూడా ఇచ్చారు. ఎవరికి ఏది అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు.

ఫలితం 1987 జనవరిలో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఫెంటానిల్ లేని పిల్లల్లో స్ట్రెస్ హార్మోన్లు, షుగర్, లాక్టేట్ బాగా ఎగబాకాయి. ఆపరేషన్ తర్వాత రక్తప్రసరణలో చిక్కులు, ఇతర సమస్యలు కూడా వాళ్లకే ఎక్కువ వచ్చాయి. మత్తు ఇస్తే చనిపోతారన్న భయం ఉండేది కదా, కథ తిరగబడింది. నొప్పిని అలా వదిలేస్తేనే బిడ్డ ఎక్కువ దెబ్బతింటోంది.

‘మరి ఆ ఎనిమిది మంది సంగతేంటి?’ అని మీకు అనిపించొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లకి కొత్తగా ఏ కోతా పెట్టలేదు. ఆ రోజుల్లో మామూలుగా జరుగుతున్నదే వాళ్లకీ జరిగింది. మామూలు అనుకున్నదే ఎంత ఘోరమో ఈ పదహారు మంది వల్లే తెలిసింది.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

సైన్స్ ఒక్కటే అయితే ఇంకో పదేళ్లు పట్టేదేమో. అదే సమయంలో అమెరికాలో ఒక తల్లి గొంతెత్తింది. జిల్ లాసన్ కొడుకు జెఫ్రీ 1985లో నెలలు నిండకుండా పుట్టాడు. పీడీఏ ఆపరేషన్ చేశారు. కొన్ని వారాలకి చనిపోయాడు. ఆ తర్వాత ఆస్పత్రి కాగితాలు తిరగేస్తే తెలిసింది. ఆపరేషన్ జరిగినంతసేపూ కొడుక్కి ఇచ్చింది కదలకుండా చేసే మందు మాత్రమే.

ఆమె ఊరుకోలేదు. ఉత్తరాలు రాసింది. అడిగిన చోటల్లా ‘ఇది మామూలే’ అన్న జవాబు వచ్చినా వదల్లేదు. 1986లో పత్రికల్లో వచ్చేసరికి దేశమంతా గగ్గోలు పుట్టింది. మరుసటి ఏడాది, అంటే 1987లోనే, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం నవజాత శిశువులకీ మత్తు, నొప్పి మందులు ఇచ్చే ఆపరేషన్ చేయాలని ప్రకటించింది. వయసు చిన్నదనో, నెలలు నిండలేదనో మానేయడానికి వీల్లేదంది.

ఆనంద్ అక్కడితో ఆగలేదు. 1992లో బోస్టన్ నుంచి మరో పరిశోధన ప్రచురించారు. ఈసారి పుట్టుకతో గుండె లోపాలున్న 45 మంది నవజాత శిశువులు. 30 మందికి ఆపరేషన్‌లోనూ, ఆ తర్వాత ఒక రోజంతా సుఫెంటానిల్‌తో లోతైన మత్తు. 15 మందికి అప్పటి మామూలు పద్ధతి. రెండో గుంపులో నలుగురు చనిపోయారు. మొదటి గుంపులో ఒక్కరూ చనిపోలేదు. చిన్న గుంపులే. కానీ నొప్పి తగ్గించడం బిడ్డ మీద జాలితో చేసే పని మాత్రమే కాదని, ప్రాణానికి సంబంధించిన వైద్యమని అది గట్టిగానే చెప్పింది.

అసలు కట్టాలా? ఆగాలా?

నొప్పి సంగతి తేలింది. తర్వాతి ప్రశ్న ఇంకా కష్టమైనది. ప్రతి బిడ్డకీ ఆ గొట్టం మూసి తీరాలా?

ఆపరేషన్ తర్వాత వచ్చే చిక్కులు డాక్టర్లకి తెలుసు. కొందరిలో మొదటి కొన్ని గంటల్లోనే బీపీ పడిపోతుంది. అప్పటిదాకా ఒక తీరుకి అలవాటు పడిన గుండె, దారి ఒక్కసారిగా మూసుకుపోయేసరికి తడబడుతుంది. ఇంకో ముప్పు గొంతుకి. స్వరపేటికకి వెళ్లే ఎడమ నరం సరిగ్గా ఆ గొట్టం పక్క నుంచే చుట్టి వస్తుంది. దానికి దెబ్బ తగిలితే బిడ్డ ఏడుపు బొంగురుపోతుంది, పాలు తాగితే పొరబోతుంది.

2007లో వచ్చిన ఒక అంతర్జాతీయ పరిశీలన ఇంకా కలవరపెట్టింది. గొట్టం కట్టించుకుని బతికిన 95 మందిలో 50 మందికి, అంటే 53 శాతం మందికి, తర్వాత నడక, తెలివి, చూపు, వినికిడిలో ఏదో ఒక లోపం కనిపించింది. మందులతోనే సరిపెట్టిన పిల్లల్లో అది 34 శాతం.

అయితే ఆపరేషనే ముంచిందా? తొందరపడి ఆ మాట అనలేం. ఆపరేషన్ దాకా వెళ్లేది అందరికంటే జబ్బు ముదిరిన పిల్లలే. ఐసీయూలో ఎక్కువమంది చనిపోతున్నారు కాబట్టి ఐసీయూ వల్లే చనిపోతున్నారు అంటే ఎంత పొరపాటో ఇదీ అంతే. తర్వాతి పరిశోధనలు ఈ తేడాని లెక్కలోకి తీసుకుంటే ఆపరేషన్ మీద పడిన నింద చాలావరకు తగ్గింది.

కానీ ఒక మంచి జరిగింది. ‘కనిపిస్తే కట్టేయ్’ అనే తొందర తగ్గింది. ఇండోమెథాసిన్, ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ లాంటి మందులతో మూసే ప్రయత్నాలు వచ్చాయి. వాటి మీదా ప్రశ్నలు లేచాయి. 2024లో ఇంగ్లండ్ పరిశోధకులు 29 వారాల లోపే పుట్టిన 653 మంది పిల్లల వివరాలు వెల్లడించారు. పుట్టిన మూడు రోజుల్లోపే ఐబుప్రోఫెన్ ఇచ్చినవాళ్లలో 69.2 శాతం మంది చనిపోవడమో, ఊపిరితిత్తుల జబ్బు పాలవడమో జరిగింది. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో 63.5 శాతం. అంటే ముందే మందు వేసినా కలిసొచ్చిందేమీ లేదు. చాలామంది పిల్లలకి కనిపెట్టుకుని ఉండటమే సరైన వైద్యం కావొచ్చన్నమాట.

ఆగినా మూసుకోక, బిడ్డ వెంటిలేటర్ వదలలేకపోతే? అప్పుడు ఛాతీ కోయకుండా ఇంకో దారి వచ్చింది. తొడ దగ్గరి సిర నుంచి సన్నటి గొట్టం పంపి, బఠాణీ గింజ కంటే చిన్న బిరడాతో ఆ రంధ్రాన్ని మూసేస్తారు. 700 గ్రాముల బరువున్న పిల్లలకి కూడా వాడేందుకు దీనికి 2019 జనవరిలో అమెరికా అనుమతి వచ్చింది. ఇదీ ముప్పు లేనిది కాదు. చేయి తిరిగిన డాక్టర్లున్న చోటే చేయాలి.

మన దగ్గర సంగతి

2020లో ప్రపంచంలో సుమారు 1.34 కోట్ల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారు. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. కాబట్టి మన చుట్టాల్లోనో, ఫ్రెండ్స్‌లోనో ఎవరో ఒకరు ఎన్‌ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్నవాళ్లు ఉండే ఉంటారు.

పుట్టుకతో వచ్చే పెద్ద గుండె లోపాలకి ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. అలాంటి ఆపరేషన్లలో గుండె-ఊపిరితిత్తుల మెషిన్ వాడతారు. రక్తం గడ్డకట్టకుండా మందు ఇవ్వాలి. నెలతక్కువ బిడ్డ మెదడులో రక్తనాళాలు అసలే పలచన. అందుకే వీలైతే బిడ్డ కాస్త బరువు పెరిగే దాకా ఆగుతారు. అమెరికాలో వేలమంది పిల్లల వివరాలు చూస్తే, 39-40 వారాలకి పుట్టినవాళ్లకే గుండె ఆపరేషన్ ఫలితాలు బావున్నాయి. 37, 38 వారాలకి పుట్టినవాళ్లలో కూడా ముప్పు కాస్త ఎక్కువే ఉంది.

ఇది మనకెందుకంటే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. మంచి ముహూర్తం చూసి, పది రోజులు ముందుకి జరిపి ఆపరేషన్ పెట్టించుకునే ఇళ్లు మనకి తెలియనివి కావు. తల్లికో బిడ్డకో ప్రమాదమని డాక్టరు ముందే తీయాలంటే అది వేరు. కేవలం తిథి కోసమైతే, ముఖ్యంగా స్కానింగ్‌లో బిడ్డ గుండెలో లోపం ఉందని తెలిసినప్పుడు, ఆ పది రోజులు చాలా ఖరీదైనవి. కడుపులో గడిచే ప్రతి రోజూ ఆ బిడ్డ ఆపరేషన్‌కి సిద్ధమయ్యే రోజే.

డబ్బు గురించి కూడా. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైంది. పథకం పేర్లు మారినా, పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల సర్జరీలకి ప్రభుత్వ సాయం ఉంది. కార్డు ఉందా, ఆ ఆస్పత్రి పథకంలో ఉందా అన్నది మొదటి రోజే అడగండి.

మీరు అడగాల్సినవి

ఎన్‌ఐసీయూ తలుపు దగ్గర మాట పెగలదు. అందుకే ఈ ప్రశ్నలు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. అక్కకో, వదినకో, ఫ్రెండ్‌కో పనికొస్తాయి.

● ఈ గొట్టం వల్ల ఇప్పుడు బిడ్డకి ఏం ఇబ్బంది ఉంది? కొన్నాళ్లు ఆగితే ఏమవుతుంది?

● మందులు, కాథెటర్, ఆపరేషన్... మా బిడ్డకి వీటిలో ఏది, ఎందుకు?

● ఇంత చిన్న పిల్లలకి మీ దగ్గర ఈ ఆపరేషన్లు తరచూ చేస్తారా?

● ఆపరేషన్‌లో, ఆ తర్వాత నొప్పికి ఏం ఇస్తారు? నొప్పి ఉందో లేదో ఎలా కనిపెడతారు?

● ఇంటికెళ్లాక చూపు, వినికిడి, ఎదుగుదల పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించాలి?

చివరిది చాలామంది మర్చిపోతారు. ఆపరేషన్ సక్సెస్ అన్నాక ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్లిపోతారు. అసలు ఫలితం తెలిసేది బిడ్డ నడిచినప్పుడు, మాట్లాడినప్పుడు, బడికెళ్లినప్పుడు. ఆ కొన్నేళ్లూ చెకప్‌లు వదలకూడదు. లోపం ముందే దొరికితే సరిచేసుకునే వీలు ఎక్కువ.

ఇంకోటి. మడమ మీద సూదితో గుచ్చి రక్తం తీసే చిన్న పరీక్షలప్పుడు కూడా అమ్మ పాలు పట్టినా, బిడ్డని ఒంటికి ఆనించుకుని పడుకోబెట్టుకున్నా నొప్పి తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. బిడ్డ పరిస్థితి బావుంటే ‘నేను ఎత్తుకోవచ్చా సిస్టర్?’ అని అడగండి. పైసా ఖర్చు లేని మందు అది.

నలభై ఏళ్ల కిందట ‘పసిగుడ్డుకి ఏం తెలుస్తుంది?’ అని పెద్దవాళ్లంతా అనుకుంటున్నప్పుడు, ఒక కుర్ర డాక్టరూ, కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లీ ఎదురు ప్రశ్న వేశారు. ఈ రోజు ఇంక్యుబేటర్‌లో ఉన్న 800 గ్రాముల బిడ్డ ఆపరేషన్‌కి వెళ్లేటప్పుడు నొప్పి మందు సిరంజి కూడా వెంట వెళ్తోందంటే, ఆ ప్రశ్న వల్లే. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి. నోరులేని బిడ్డ తరఫున అడగాల్సింది మనమే.